ఉత్త చేతుల సవారీ

గాలిమిట్ట తోవ పుస్తకం. రాస్తున్నది ఆడెపు వినోద, తోవ పెద్ద, ఎర్రగుట్ట.

చలి ఒకటో వారం, సోమవారం. పొద్దున మైనస్ ఒకటి.

ఈ పుస్తకంలో తేదీ, చలి, సవారీల సంఖ్య తప్ప ఇంకేమీ రాయొద్దని రాకపోకల ఆఫీసు దత్తాద్రి సారు మరీ మరీ చెప్పారు. సారు ఆఫీసులో ఉన్నారు, పెన్ను నా చేతిలో ఉంది. రాస్తాను.

ముందు నిబంధన. చలికాలం పద్దెనిమిది వారాలు. వారానికి పది ఉల్లాస సవారీలు జరగాలి. కింది చౌకీ నుంచి పై చౌకీకి, లేదా పై నుంచి కిందికి, పోయి బయలుదేరిన చోటికి సాయంత్రం ఐదులోపు తిరిగొస్తే ఒక సవారీ. మనిషికి రోజుకు ఒకటే లెక్క. వరసగా రెండు వారాలు పదికి తగ్గితే తోవను సరుకు బండ్లకు ఇచ్చేస్తారు. ఆ బండ్లకు డ్రైవర్లు ఉండరు, వాటి తోవ మీద మనిషి కాలు పెట్టకూడదు. ఊళ్ళో మిగతా దారులన్నీ ఇప్పటికే వాటివి, లేదంటే తమంతట తామే నడుస్తూ మనల్ని మోసుకుపోయే తనబండ్లవి. సైకిల్‌కు మిగిలింది గాలిమిట్ట దాకా ఈ ఏడు కిలోమీటర్ల ఎత్తు తోవ ఒక్కటే.

తొక్కేవాళ్ళం నలుగురం. నేను, నా మరిది భార్య సుజన, టైలర్ జుబేదా, రిటైరైన జిన్నింగ్ మిల్లు ఫోర్‌మన్ రాజలింగమన్న. ఎండాకాలం అనబడే ఆ రెండు నెలల్లో ఇరవైమంది వస్తారు, ఫోటోలు దిగుతారు. ఎండను ఆపడానికి ఆకాశంలో పరిచిన నీడతెర కాస్త దగ్గరగా కప్పగానే ఇరవైమందికీ ఒకేసారి మోకాళ్ళ నొప్పులు పుడతాయి.

పొద్దున చైను తుడిచి పల్చటి నూనె వేశాను. చిక్కటిది వేస్తే ఈ చలికి గడ్డకడుతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించాను, మంచు మీద జారకుండా. స్వెట్టర్ లోపల ఛాతీకి అట్టముక్క, మేజోళ్ళ మీద ప్లాస్టిక్ కవర్లు, ముఖానికి నువ్వుల నూనె. ఇంత చేసుకుని చౌకీ దగ్గరికి పోతే అక్కడి మాట్లాడే డబ్బా అడిగింది:

"దయచేసి ప్రయాణ కారణం తెలుపగలరు."

"ఉల్లాసం," అన్నాను, పళ్ళు టకటకా కొట్టుకుంటుండగా.

"మీ గొంతులో ఉల్లాసం నమోదు కాలేదు. మరొకసారి తెలుపగలరు."

మూడుసార్లు చెప్పాను. మూడోసారి అరిచాను. అప్పుడు ఒప్పుకుంది. ఆ తర్వాత సైకిల్‌తో సహా కాంటా మీద నిలబెట్టి బరువు చూసింది. పైన ఒకసారి, దిగాక ఒకసారి మళ్ళీ చూస్తుంది. ఎందుకని నేను అడగలేదు. అడగవలసింది.

చలి మూడో వారం, గురువారం. మైనస్ రెండు. పొగమంచు.

ఈ వారం ఇప్పటికి ఏడు. అందులో నాలుగు నావే.

సుజనను లేపడానికి పోయాను. దుప్పటి లోపలి నుంచే మాట్లాడింది. "అక్కా, పనుంటే పోతరు, పాణం బాగలేకుంటే పోతరు. ఈ సలిల సోకుకు ఎవరన్న తొక్కుతరా? పిస్సలేసిందా నీకు?"

"లేవే తల్లీ, పది కావాలె."

"నీ పదికి దండం. నా ముక్కు ఊడిపోతది."

చివరికి వచ్చింది. ఏడు కిలోమీటర్లూ నన్ను తిడుతూనే తొక్కింది. దానికి ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

గాలిమిట్టలో జంగుబాయక్క ఉంటుంది. గాలిమర, వాన కొలత, నీడతెర ఎప్పుడు ఎంత కప్పిందో చూసి రాయడం ఆమె పని. గోండుల్లో మడావి వాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. మేం పోతే తప్ప ఆమెకు వారాల తరబడి మనిషి ముఖం కనిపించదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చాయ్ పోస్తుంది. పోస్తూ ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"కట్టెలకు వోతలేరు, నీళ్ళకు వోతలేరు. మరెందుకు తొక్కుతున్రు పిల్లా?"

"ఉత్తగనే అక్కా."

"ఉత్తగ!" అని నవ్వుతుంది. ఆమె కొట్టంలో నీలం సైకిల్ ఒకటుంది. చిన్నప్పుడు బడికి పోయిందట దాని మీద. నలభై ఏళ్ళుగా ముట్టుకోలేదు. పని లేనిది ఎందుకు తొక్కాలి అంటుంది. ఇవాళ నేను దాని ట్యూబులు మార్చి, గాలి కొట్టి, చైనుకు నూనె పెట్టాను. వస్తువును అట్లా పడేసి ఉంచితే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు మాత్రం ఎందుకు ఇంత పట్టుదల అని సారు అడగొచ్చు. చెప్తాను. పొద్దున లేస్తే తలుపు అదే తెరుచుకుంటుంది. తనబండి వచ్చి విత్తనాల గిడ్డంగికి మోసుకుపోతుంది, సాయంత్రం మోసుకొచ్చి దింపుతుంది. రోజంతా నేను ఒక మూటను. సైకిల్ ఒక్కటే నేను తొక్కితే కదులుతుంది, మానేస్తే ఆగుతుంది. నా కాళ్ళు నావి అని నాకు తెలిసేది ఆ ఒక్క గంటే. అది పోతే నాకు ఇంకేం మిగలదు. అంతే సంగతి.

చలి ఐదో వారం, ఆదివారం. మైనస్ రెండు. గాలి లేదు.

పద్నాలుగు! ఒక్కరినీ బతిమాలకుండా పద్నాలుగు సవారీలు.

జరిగిందేమిటంటే, పోయిన వారం రాజలింగమన్నకు సిగ్గేసింది. "రోజూ పోయి ఆమె చాయ్ తాగుతున్నం. ఉత్త చేతులతోని ఒకరి గడపల కాలువెట్టుడు మా ఇంటా వంటా లేదు," అని అరకిలో నువ్వుల ముద్దలు కట్టించుకుపోయాడు. అది చూసి జుబేదా ఉన్ని మేజోళ్ళు కుట్టి తీసుకుపోయింది. సుజనకు రోషం వచ్చి ఉసిరికాయ తొక్కు జాడీతో బయలుదేరింది. జంగుబాయక్క మాత్రం తక్కువ తిన్నదా? తిరిగొచ్చేటప్పుడు ఒకరికి తేనె, ఒకరికి ఇప్పపూల లడ్డు, ఒకరికి కందులు.

ఇప్పుడు చలి అని ఎవరూ అనడం లేదు. చేతిలో జాడీ ఉంటే మా సుజన మంచులో కూడా పాట పాడుతూ తొక్కుతోంది. చేరవేయడానికి ఒక వస్తువు దొరికితే మనవాళ్ళ కాళ్ళకు ఎక్కడ లేని బలం వస్తుంది. ఈ ఉపాయం నాకు ముందే తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

చలి ఆరో వారం, బుధవారం. మైనస్ మూడు.

ఉపాయం కాదు, నా పిండాకూడు.

పొద్దున నోటీసు వచ్చింది. పోయిన వారం ఉల్లాస సవారీలు రెండు. సరుకు రవాణా సవారీలు పన్నెండు. ఈ వారం సోమ, మంగళ, ఉల్లాస సవారీలు సున్న. ఆదివారం సాయంత్రం ఐదులోపు పది కాకపోతే సోమవారం నుంచి తోవ సరుకు బండ్లది.

రాకపోకల ఆఫీసుకు పోయాను. దత్తాద్రి సారు మర్యాదస్థుడు, కుర్చీ వేశారు. కోపంగా ఉన్న మనిషికి కుర్చీ వేస్తే ఇంకా కోపం వస్తుంది.

"కాంటా అబద్ధం చెప్పదమ్మా," అన్నారు. "పోయినప్పటి బరువు, వచ్చినప్పటి బరువు ఒకటి గాకపోతే ఏదో చేరేసినట్టే లెక్క. నూటయాభై గ్రాములు మినహాయింపు ఉన్నది."

"నూటయాభై ఎందుకు?"

"ఒక కప్పు చాయ్‌కి. మేము కూడ మనుషులమే."

"సారు, అవి నువ్వుల ముద్దలు! సరుకు గాదు. ఒకరింటికి పోతుంటే తీసుకపోతం గద!"

"బరువెంత?"

"అరకిలో."

"మరి అరకిలో సరుకమ్మా." స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. "అసలు ఈ తోవ మీద సరుకుకు ఇంత గిరాకీ ఉన్నదని మాకు తెల్వనే తెల్వదు. బండ్లు నడిపిస్తే మంచిగుంటదని మీ లెక్కనే జెప్తున్నది."

మా ముద్దలతో మా గొయ్యి మేమే తవ్వుకున్నాం అన్నమాట. కుర్చీలోంచి లేచి, చెప్పకుండా వచ్చేశాను. సారు, మీరు ఈ పేజీ చదివేటప్పుడు కూడా నాకు అంతే కోపంగా ఉంటుందని గుర్తుంచుకోండి.

చలి ఆరో వారం, గురువారం. మైనస్ మూడు.

పొద్దున చౌకీ దగ్గర ముగ్గురినీ నిలబెట్టి చెప్పాను. ఎవరూ ఏమీ తీసుకుపోవద్దు. ఏమీ తీసుకురావద్దు. ఒక్క కప్పు చాయ్. రెండో కప్పు తాగితే సరుకే.

"ఉత్త చేతులతోనా?" అన్నాడు రాజలింగమన్న. బట్టల్లేకుండా పొమ్మన్నట్టు చూశాడు.

"ఉత్త చేతులతోనే."

సుజన సైకిల్ గోడకు ఆనించింది. "నేను రాను. మొన్న కందులు వెట్టింది ఆమె. నేనేం మొఖం వెట్టుకొని పోవాలె?" అని ఇంటికి వెళ్ళిపోయింది.

మిగిలిన ముగ్గురం పోయాం. పైకి చేరాక చూస్తే ఒకరి నడుము ఉబ్బెత్తుగా ఉంది. రాజలింగమన్న స్వెట్టర్ ఎత్తి చూస్తే నడుముకు తువ్వాలు, తువ్వాలులో ముద్దలు.

"అన్నా, నీకు దండం వెడుత!"

"నాలుగే తెచ్చిన వినోదా. నాలుగు గూడ లెక్కనేనా?"

నాలుగు కూడా లెక్కే. అవి జంగుబాయక్క పొయ్యి పక్కన దిగాయి, ఆయన సవారీ సరుకు ఖాతాలో పడింది. ఇవాళ్టికి రెండే, నాది, జుబేదాది.

జంగుబాయక్కకు విషయం చెప్పాను. ఆమె అప్పటికే తేనె సీసాకు మూత బిగిస్తోంది. బిగిస్తున్న చేయి ఆగింది.

"నా ఇంటికచ్చి ఉత్తగ పోతరా?"

"పోవాలె అక్కా. లేకుంటే తోవ పోతది."

"మా తాత కాలం నుంచి మా గడపల కెల్లి ఎవ్వలు ఉత్తగ పోలే." సీసాను అలమారలో పెట్టి, మా వైపు తిరగకుండానే చాయ్ గిన్నె దించింది.

చలి ఆరో వారం, శుక్రవారం.

పొగమంచు. నీడతెర మధ్యాహ్నం దాకా తీయలేదు, చౌకీ గేటు రోజంతా తెరవలేదు. సున్న. మా అమ్మ ఎండను తిట్టేది. దాన్ని తిట్టిన పాపం మాకు తగిలిందేమో.

చలి ఆరో వారం, శనివారం. మైనస్ నాలుగు.

నాలుగుకు నాలుగు. సుజనను ఎట్లా తెచ్చానో రాస్తే పరువు పోతుంది. కాళ్ళు పట్టుకున్నాను, అంతే.

జంగుబాయక్క తలుపు తీయలేదు. కిటికీ నుంచి చూసింది. పెట్టడానికి వీల్లేని ఇంటికి ఎందుకు పిలవాలి అనుకున్నట్టుంది. మేం నలుగురం ఆ చలిలో చాయ్ కూడా లేకుండా పైన ఐదు నిమిషాలు నిలబడి దిగాం. దిగాక చౌకీ అడిగింది, ప్రయాణం ఉల్లాసంగా సాగిందా అని. జుబేదా దానికి చెప్పిన జవాబు రాయను, ఆమె నమాజు చేసుకునే మనిషి.

మొత్తం ఆరు. రేపు నలుగురం పోతే పది.

చలి ఆరో వారం, ఆదివారం. మైనస్ నాలుగు.

పొద్దున నేను, జుబేదా, రాజలింగమన్న పోయి వచ్చాం. తొమ్మిది. అన్నను బయలుదేరే ముందు నేనే తడిమి చూశాను, ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. సుజన దగ్గుతోంది, ఎండ పడ్డాక వస్తానంది. పదకొండింటికి ఒంటరిగా బయలుదేరింది. ఒంటిగంటకు దిగింది. ముక్కు ఎర్రగా, ముఖం వెలిగిపోతూ.

"పదయ్యిందా అక్కా?"

కాంటా గణగణలాడింది.

సైకిల్ వెనక సంచీ విప్పాను. వానకవరు కింద తేనె సీసా. సుజన నోరు తెరిచింది, మూయలేదు. "ఒట్టు అక్కా, నాకు తెల్వది. దగ్గు ఇన్నది ఆమె. లోపలికి పిలిచి చాయ్ పోసింది, కషాయం గూడ పోస్తనన్నది, నేను వద్దన్న. గంతే."

తొమ్మిది. నలుగురికీ ఇవాళ్టి వంతు అయిపోయింది. ఇంకెవరున్నారు? ఎండాకాలంలో వచ్చే ఆ ఇరవైమందికీ ఫోన్ చేశాను. ఒకరు పెళ్ళిలో ఉన్నారు, ఒకరి సైకిల్‌కు చైను లేదు, ఒకరైతే "ఇంక తొక్కుతున్నరా?" అని ఆశ్చర్యపోయారు.

అప్పుడు జంగుబాయక్కకు ఫోన్ చేశాను. చేయకూడదు, చేశాను.

"ఎందుకు వెట్టినవక్కా సీసా? చెప్పిన గద! నెత్తీ నోరు కొట్టుకొని చెప్పిన గద!"

"పిల్ల దగ్గుతాంది. మందు గూడ సరుకేనా?"

"అన్నీ సరుకే! నీ తేనె మా తోవను మింగింది, తెలుసా? రేపటి సంది ఎవ్వరు రారు నీ దగ్గరికి. బండ్లు వస్తయి. వాటికి పోసుకో చాయ్!"

ఆమె ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

చౌకీ మెట్టు మీద కూలబడ్డాను. తోవ పోయిందన్న బాధ ఒకవైపు, ఆ మాట అన్నందుకు నా నోటిని చెప్పుతో కొట్టుకోవాలనిపించడం ఒకవైపు. జుబేదా వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఆమెకూ ఏడుపొస్తోంది.

రెండున్నరకు పైమలుపు దగ్గర బ్రేకులు కీచుమన్నాయి. మేం నలుగురం ఇక్కడే ఉన్నాం. మరి అక్కడెవరు?

నీలం సైకిల్. చీర కచ్చపోసి, జుబేదా కుట్టిన మేజోళ్ళు తొడుక్కుని, రెండు కాళ్ళూ నేలకు రాస్తూ, అటూ ఇటూ ఊగుతూ జంగుబాయక్క దిగుతోంది. "జరగుండ్రి! జరగుండ్రి! ఇది ఆగుతలేదు!" అని అరుస్తోంది. రాజలింగమన్న పోయి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆమె దిగింది. ఆయాసం, నవ్వు, కళ్ళల్లో నీళ్ళు, అన్నీ ఒకేసారి.

"ఆ డబ్బా అడిగింది, ఎందుకు వోతున్నవని," అంది. "నలభై ఏండ్లకు ఎక్కిన, ఎందుకో నాకు మాత్రం ఏం తెలుసు? నవ్వచ్చింది. నవ్విన. 'ఉల్లాసం నమోదైనది' అన్నది."

మాకు మూడేసిసార్లు అరిస్తే గాని నమోదు కానిది!

"అక్కా, నేను అన్న మాట..." అన్నాను.

ఆమె వినలేదు. నా ముందుకు వచ్చి రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ళు విడదీసి, తిరగేసి మళ్ళీ చూపించింది. "ఇగో. ఏం తేలే," అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమె గొంతులోనే ఉంది. వెంటనే చేతులు కొంగు కింద దాచుకుంది. మడావి వాళ్ళ ఆడబిడ్డ ఒకరి గడపకు ఉత్త చేతులతో రావడం ఇదే మొదటిసారి.

చౌకీ పక్కన రాజలింగమన్న ఇంట్లో ఒక కప్పు చాయ్ పోశాం. దాంతో నూటయాభై గ్రాములు అయిపోయాయి. మూడు కొట్టింది. ఐదులోపు ఆమె తిరిగి పైకి చేరాలి, దిగిన బరువుతోనే. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఇన్నిరోజులూ ఏం దిగమింగుకుందో. మా గడపకు మొదటిసారి వచ్చిన ఆడమనిషిని ఒక పండు, ఒక జాకెట్ గుడ్డ, కనీసం ఒక తమలపాకు లేకుండా ఎట్లా పంపాలి? సుజన లోపలికీ బయటికీ తిరుగుతోంది, ఏది చూసినా బరువే. "ఒక్క అరటిపండు అక్కా," అంది. "నూరు గ్రాములుంటదే, వద్దు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు రాజలింగమన్న భార్య లోపలి నుంచి కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. జంగుబాయక్క నొసట బొట్టు పెట్టాను. కొంచెం వంకరగా వచ్చింది. జుబేదా తన పర్సులోంచి అత్తరు సీసా తీసి, ఆమె మణికట్టుకు ఒక చుక్క రాసింది. "వాసనకు కాంటా లేదు అక్కా," అంది.

ఆమెతో పాటు నేనూ పైకి బయలుదేరాను. నా సవారీ లెక్కలోకి రాదు, రాకపోతే పోనీ. ఎక్కగలిగినంత ఎక్కింది, మిగతా దూరం సైకిల్ తోసింది. తొక్కాలని రాశారు గాని తోయొద్దని ఎక్కడా రాయలేదు సారు, మీ నిబంధనల పుస్తకం అంతా చదివాను. నాలుగో కిలోమీటరు దగ్గర కూర్చుండిపోయింది. ఇంక నా తోని కాదు అంది. నేను తిట్టాను, ఆమె గోండిలో తిరిగి తిట్టింది, అర్థం కాలేదు గాని సరిగ్గా తగిలింది. లేచి నడిచాం.

నాలుగూ యాభై రెండుకు పై చౌకీ. ఆమె కాంటా ఎక్కింది. అది చాలాసేపు ఆలోచించింది.

"బరువులో తేడా లేదు. ఉల్లాస సవారీ నమోదైనది. ధన్యవాదాలు."

పది. సారు, పదే.

చెమటకు బొట్టు కారి జంగుబాయక్క ముక్కు మీదికి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నేను దిగడానికి సైకిల్ తిప్పుకుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"పిల్లా, రేపెన్నిటికి దిగాలె?"

"రేపా? ఏం పనక్కా నీకు రేపు?"

"పనేం లేదు. ఉత్తగనే."